జేగంట ఎవరిది, బాణం ఎవరిది?

ప్రశ్న: పాత బ్రిటిష్ సినిమాలు కొన్నిటి మొదట్లో ఒక వస్తాదు జేగంట మోగిస్తాడు. ఆ వెంటనే గుండ్రటి గురిలో బాణం వచ్చి దిగుతుంది. ఒక్క సినిమాకు రెండు లోగోలు ఎందుకు?

జవాబు: జేగంట, పెట్టుబడి పెట్టి విడుదల చేసిన ర్యాంక్ సంస్థది. బాణం, సినిమా తీసిన 'ది ఆర్చర్స్' (విలుకాళ్ళు) సంస్థది. ఆర్చర్స్ అంటే మైకేల్ పవెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్. 'ది స్పై ఇన్ బ్లాక్' (1939) కోసం ఇద్దరినీ ఒకచోట చేర్చినవాడు నిర్మాత అలెగ్జాండర్ కోర్డా. సెట్లో దర్శకత్వం పవెల్‌ది, కథ అల్లిక ఎక్కువగా ప్రెస్‌బర్గర్‌ది. అయినా రచన, నిర్మాణం, దర్శకత్వం మూడింటికీ ఇద్దరి పేర్లూ కలిపే వేసుకున్నారు. అప్పట్లో అది చాలా అరుదు.

లోగోను ఈసారి నిదానంగా చూడండి. గురి మీద అప్పటికే కొన్ని బాణాలు గుచ్చుకుని ఉంటాయి. చివరి బాణం నడిబొడ్డున దిగుతుంది.

ర్యాంక్ 'ఇండిపెండెంట్ ప్రొడ్యూసర్స్' పేరుతో ఇలాంటి చిన్న సంస్థలకు నీడనిచ్చింది. దర్శకుడు డేవిడ్ లీన్ ఉన్న సినీగిల్డ్ కూడా అందులోదే. డబ్బు ర్యాంక్‌ది, ఏం తియ్యాలో తేల్చుకునేది తీసేవాళ్ళు. ఇంత స్వేచ్ఛ ఏ కాలంలోనైనా దొరకడం కష్టం. ఆర్చర్స్ తీసిన 'ది రెడ్ షూస్' (1948) దగ్గర అది చెడింది. ఖర్చు పెరిగింది, పూర్తయిన సినిమా ర్యాంక్ పెద్దలకు నచ్చలేదు. పవెల్, ప్రెస్‌బర్గర్ మళ్ళీ కోర్డా దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ సినిమానే అమెరికాలో బ్రహ్మాండంగా ఆడి, కళాదర్శకత్వానికీ సంగీతానికీ ఆస్కార్లు తెచ్చుకుంది. 1957లో పవెల్, ప్రెస్‌బర్గర్ ఎవరి దారి వారు చూసుకున్నారు.

ప్రశ్న: ఆ జేగంట మోత నిజమైనదేనా?

జవాబు: మోత నిజం, గంట ఉత్తుత్తిది. తెర మీద కనిపించేది కాగితపు గుజ్జుతో చేసిన డొల్ల. గట్టిగా కొడితే చిల్లు పడుతుంది. అందుకే కొట్టేవాడు చెయ్యి బలంగా విసిరినట్టు కనిపించాలి, దెబ్బ మాత్రం తేలిగ్గా తగలాలి. వినిపించేది జేమ్స్ బ్లేడ్స్ అనే తాళవాద్య కళాకారుడు టామ్-టామ్ (నిజమైన లోహపు జేగంట) మీద వాయించిన మోత. దాన్ని విడిగా రికార్డు చేసి బొమ్మకు జత చేశారు. మోత ఒక్క క్షణం వెనకబడినా గుట్టు బయటపడుతుంది. గంట కొట్టినవాళ్ళు చాలామందే మారారు. వాళ్ళలో కెన్ రిచ్‌మండ్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కుస్తీలో కాంస్యం గెలిచిన మల్లయోధుడు.

ప్రశ్న: నా దగ్గరున్న కాపీలో జేగంట లేదు, బాణం ఉంది. కాపీ అసంపూర్ణమా?

జవాబు: అలా అనుకోనక్కర్లేదు. పంపిణీదారు లోగోను సినిమాకు ముందు విడి ముక్కగా అతికిస్తారు. హక్కులు చేతులు మారితే దాన్ని తీసేసి కొత్తవాళ్ళు తమది పెట్టుకుంటారు. నిర్మాతల గుర్తు టైటిల్స్‌తో కలిసే ఉంటుంది కాబట్టి దాన్ని సాధారణంగా ముట్టుకోరు. బాణమే లేకపోతే మాత్రం టైటిల్స్‌కు కోత పడిందేమో చూసుకోండి.