పాఠకుల ప్రశ్నలు: ఫిలిప్పీన్స్‌లో పెద్దల సినిమాలు

ప్రశ్న: మా తమ్ముడు దవావోలో మెడిసిన్ చదువుతున్నాడు సర్, అక్కడ ఆదివారం వస్తే చర్చిలు కిటకిటలాడతాయంట. మరి బ్రిలాంటే మెండోజా తీసిన ‘సెర్బిస్’ చూస్తే అన్నీ పచ్చి సీన్లే! దీన్ని కాన్ ఫెస్టివల్‌కి ఎలా తీసుకున్నారండీ? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: పచ్చిగానే ఉంటుందమ్మా, కాదనను. కానీ కథ ఏంటో చూడండి, ఆంజెలెస్ సిటీలో ‘ఫ్యామిలీ’ అనే పాడుబడ్డ థియేటర్, అందులో బూతు బొమ్మలు ఆడించుకుంటూ ఆ బిల్డింగ్‌లోనే కాపురం ఉంటున్న కుటుంబం, హాల్లో చీకట్లో కుర్రాళ్లు ఒళ్లు అమ్ముకుంటుంటే ఆ పక్కనే వీళ్ల వంటలు, చిన్నపిల్లాడి ఆటలు. ఇంటి పెద్దావిడేమో మొగుడు రెండో పెళ్లి చేసుకున్నాడని కోర్టు చుట్టూ తిరుగుతుంటుంది, ఎందుకంటే ముస్లింలకి తప్ప ఆ దేశంలో విడాకుల చట్టమే లేదు. ఆ చర్చిల ప్రభావం ఇళ్లలోకి ఎంత దూరం వచ్చిందో అక్కడే తెలుస్తుంది. 2008లో మెయిన్ కాంపిటీషన్‌కి వెళ్లింది, 1984లో లీనో బ్రోకా సినిమా తర్వాత మళ్లీ అక్కడికెళ్లిన మొదటి ఫిలిప్పీన్స్ సినిమా అదే.

ఇక ప్రభుత్వం తీరు చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది. 1983లో నియంత మార్కోస్ హయాంలో మనీలా ఫెస్టివల్ ఖర్చులకి డబ్బు కావాలని సెన్సార్ లేకుండా సెక్స్ సినిమాలు వాళ్లే ఆడించారు, అప్పుడు సంస్కృతి గుర్తురాలేదు. అదే 2001లో, సెక్స్ షోలు చేసి బతికే పేదల మీద తీసిన ‘లైవ్ షో’ని మనీలా క్యాథలిక్ ఆర్చిబిషప్ కార్డినల్ సిన్ తప్పుపట్టగానే ప్రెసిడెంట్ అరోయో ఆపించేశారు, ఆవిడ గద్దెనెక్కి రెండు నెలలే అయింది, ఆవిడ గద్దెనెక్కడంలో ఆ కార్డినల్ మద్దతు చాలా ఉంది మరి. సెన్సార్ బోర్డు ఛైర్మన్ టియోంగ్సన్ మాత్రం పదవి వదిలేసి బయటికొచ్చారు, ఆయనంటే నాకు గౌరవం.

ప్రశ్న: మరి వివామాక్స్ అనే సినిమాల యాప్‌లో వచ్చేవి కూడా ఇండిపెండెంట్ సినిమాలేనా? (అదే పాఠకురాలు)

జవాబు: కాదండీ. 2021లో మొదలైన ఆ యాప్ వివా అనే పెద్ద స్టూడియోది. ఎస్‌ఎం అనే పెద్ద మాల్స్ కంపెనీ హాళ్లు ఏళ్ల తరబడి ఆర్-18, అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే చూపించే సినిమాలు వెయ్యలేదు, అలాంటివన్నీ ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చి చేరాయి. వాటిల్లోనూ మంచి డైరెక్టర్లు పనిచేస్తున్నారు, కానీ వారం వారం కొత్తది వదలాలంటే కథ మీద కూర్చునే టైం ఎక్కడుంటుంది చెప్పండి. మీరు ముందు బ్రోకా తీసిన ‘ఇన్సియాంగ్’ చూడండి, 1976 నాటిది, మనీలా టోండో మురికివాడలో ఓ తల్లీకూతుళ్ల కథ.