శని వలయాలు చూసినా ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. 1990లో, పన్నెండేళ్ల వయసులో, చిన్న టెలిస్కోపులో మొదటిసారి శని వలయాలు చూసి కేక పెట్టాను. అప్పటి నుంచి ఆకాశం చూడటమే నా హాబీ. ఇప్పుడు పెద్ద టెలిస్కోపు, కెమెరా, తనంతట తనే గ్రహాన్ని వెతికిపెట్టే మోటారు అన్నీ ఉన్నాయి. ఆనాటి పులకింత మాత్రం లేదు. నా ఫొటోలు ఇతరుల ఫొటోల పక్కన పెట్టి చూస్తే చిన్నతనంగా ఉంటుంది. పాత నోటుబుక్కులు తిరగేస్తూ కూర్చుంటాను. పోనీ మా పదేళ్ల పాపకైనా ఆ ఆనందం అందుతుందని శనిని చూపిస్తే, నాలుగు సెకన్లు చూసి "బాగుంది నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చినంత పనైంది. "చూస్తే చూడండి, లేదంటే అమ్మేయండి, మధ్యలో ఈ చిరాకు మా మీద ఎందుకు" అంటోంది మా ఆవిడ. అమ్మేయమంటారా?

జవాబు: అమ్మొద్దు. కొత్తది ఏదీ కొనొద్దు కూడా. ఆరు నెలల పాటు రెండూ బంద్. మనసు చప్పబడ్డప్పుడల్లా ఇంకాస్త మంచి ఐపీస్ (టెలిస్కోపులో కన్ను ఆనించే లెన్సు) కోసం వెతకడం చాలామంది చేసే పనే. పార్సిల్ విప్పిన రోజు బాగానే ఉంటుంది, వారం తిరిగేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ఒకటి అడగాలి. చప్పగా ఉన్నది ఆకాశం ఒక్కటేనా, లేక తిండి, నిద్ర, పాటలు, స్నేహితులు కూడా అలాగే ఉన్నారా? రెండు వారాలకు పైగా దేని మీదా మనసు పోకపోతే అది హాబీ సంగతి కాదు, డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవండి. మీ ఉత్తరంలో అలాంటి జాడ నాకు కనిపించలేదు కాబట్టి మిగతాది రాస్తున్నాను.

మీ చిన్నప్పటి టెలిస్కోపుకి మోటారు ఉండి ఉండదు. భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి శని మెల్లగా ఒక అంచు వైపు జారిపోయి, చూస్తుండగానే కనుమరుగవుతుంది. వేలితో గొట్టాన్ని ఒక్క పిసరు జరిపి మళ్లీ పట్టుకోవాలి. ముట్టుకుంటే బొమ్మ వణుకుతుంది. ఆ వణుకు ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఆగిన ఆ కాసేపట్లో, ఆవగింజంత బొమ్మ, దాని చుట్టూ సన్నటి గీత! పన్నెండేళ్ల పిల్లాడు ఆ గింజను చూసినందుకు ఎంత సంబరపడ్డాడో, తన వేళ్లతో దాన్ని దొరకబుచ్చుకున్నందుకూ అంతే సంబరపడ్డాడు. ఇప్పుడేమవుతోంది? పేరు నొక్కుతారు, మోటారు గుయ్యిమంటుంది, శని వచ్చి నడిమధ్యన నిలబడుతుంది. కెమెరా వేల ఫ్రేములు తీస్తుంది. మీరు స్క్రీన్ చూస్తారు, ఆ తర్వాత వేరేవాళ్ల ఫొటో చూస్తారు. ఇందులో మీ కంటికి పనేదీ?

అన్నీ తెలిసిపోవడం వల్లే ఆశ్చర్యం చచ్చిపోతుందని చాలామంది అంటారు. నేను నమ్మను. 1610లో గెలీలియోకి శని మూడు గుండ్రాలుగా కనిపించింది. 1612లో చూస్తే పక్కనున్న రెండూ మాయం! ఆయన బిత్తరపోయారు. అవి వలయమని హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త 1659లో పుస్తకం వేసి చెప్పేదాకా ఆ చిక్కు విడలేదు. మీకు కారణం తెలుసు. సుమారు పదిహేనేళ్లకోసారి వలయాల అంచు మనవైపు తిరుగుతుంది, అవి మరీ పల్చన కాబట్టి అప్పుడు కనిపించవు. 2025 మార్చిలోనూ అలాగే తిరిగింది. కానీ ఇంకో లెక్క మీకు తట్టినట్టు లేదు. శనికి సూర్యుడి చుట్టూ ఒక చుట్టు రావడానికి దాదాపు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. అంటే మీరు కేక పెట్టిన రోజు నుంచి అది ఒక చుట్టు పూర్తిచేసి రెండో చుట్టులో కొంత దూరం వచ్చేసింది. వలయాలు విప్పారడం, సన్నబడటం, మళ్లీ విప్పారడం చూసిన కళ్లు మీవి. ఆ పిల్లాడికి ఈ భాగ్యం లేదు. మీరేమో అతన్ని చూసి కుళ్లుకుంటున్నారు.

ఇక పాత రోజుల బెంగ. నోస్టాల్జియా అనే మాటను 1688లో హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి పుట్టించాడు, ఇంటికి దూరమైనవాళ్లకు పట్టుకునే జబ్బు పేరుగా. ఆ జబ్బుకి ఇంటికి పంపడమే మందనేవారు. మీ బెంగకి ఆ మందు లేదు, 1990కి బండి నడవదు. అయితే నోటుబుక్కుల్లో శనిని చూసిన పేజీ ఒక్కటే చదువుతున్నారేమోనని నా అనుమానం. ఈసారి మొదటి నుంచి వరసగా చదవండి. "మబ్బు", "ఏమీ దొరకలేదు", "దోమలు" అని ఎన్ని రాత్రుల కింద రాసి ఉందో లెక్కపెట్టి చూడండి. జ్ఞాపకం వాటిని చడీచప్పుడు లేకుండా తీసిపారేసి ఉంటుంది.

పాప విషయం. ఆమె లెన్సులోకి చూస్తుంటే మీరు ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు, అవునా? ఆ పరీక్షలో ఏ పిల్లయినా తప్పుతుంది. మీ తరఫున కేక పెట్టే పని పాపకి అప్పజెప్పొద్దు. తనకు ఇంకేదో నచ్చుతుంది, దాన్ని ఆమె మీకు చూపించిన రోజు మీరు నాలుగు సెకన్ల కంటే ఎక్కువ చూస్తే చాలు.

మసకగా ఉండే నెబ్యులాని, అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘాన్ని, సూటిగా చూస్తే కనిపించదని మీకు నేను చెప్పక్కర్లేదు. చీకట్లో పనిచేసే కణాలు కంటి నట్టనడుమ ఉండవు కాబట్టి కాస్త పక్కకి చూడాలి, అప్పుడు మెల్లగా తేలుతుంది. పులకింతని మాత్రం మీరు సూటిగా నిలదీస్తున్నారు, వచ్చావా, ఇంకా రాలేదా అని.

వారంలో ఒక్క రాత్రి కెమెరా లోపలే పెట్టేయండి. మోటారు ఆపేయండి. ఒక్కటంటే ఒక్క వస్తువు చేత్తో వెతికి పట్టుకుని, ఇరవై నిమిషాలు దాన్నే చూస్తూ పెన్సిల్‌తో గీయండి. బొమ్మ వంకరగా వస్తుంది, రానివ్వండి. ఎవరికీ చూపించొద్దు. మీ ఆవిడకి టెలిస్కోపుతో పేచీ లేదు, మీ విసుగుతోనే. ఆ రాత్రి ఏ రోజో ఆమెకి ముందే చెప్పండి, ఇన్నాళ్ల చిరాకుకి సారీ కూడా చెప్పండి. ఆ రోజు ఆకాశం మూసుకుపోతే పాత నోటుబుక్కులోనే తేదీ వేసి, "మబ్బు" అని రాసి, లోపలికొచ్చి పడుకోండి.