గ్రూప్-2నా, బ్యాంకా, చేతికొచ్చిన ఉద్యోగమా? సోమవారంలోగా చెప్పాలి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాకు 26 ఏళ్లు, బీటెక్ అయింది. మూడేళ్లుగా గ్రూప్-2, బ్యాంకు పరీక్షలు రెండూ చదువుతున్నాను. పీఓ (బ్యాంకు ఆఫీసర్) ప్రిలిమ్స్, అంటే మొదటి దశ పరీక్ష, మొదటిసారి నాలుగు మార్కుల్లో, రెండోసారి ఒకటింబావు మార్కులో పోయింది. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే నాన్న గ్రూప్-2 వదలొద్దంటారు. అమ్మ ఏదో ఒక ఉద్యోగంలో చేరమంటుంది. ఇప్పుడు విజయవాడలో అకౌంట్స్ పని వచ్చింది, నెలకు 18 వేలు, సోమవారంలోగా చెప్పమన్నారు. చేరితే చదువు పోతుందేమో, వద్దంటే ఇదీ పోతుందేమో. నిద్ర పట్టడం లేదు.

జవాబు: చేరమ్మా. ఆఫర్ లెటర్ చూసుకుని చేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చెయ్యమన్నా, డిపాజిట్ కట్టమన్నా మాత్రం వద్దని చెప్పి వచ్చెయ్.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బ్యాంకు పరీక్ష ఎంతలో పోయిందో నీకు పావు మార్కుతో సహా గుర్తుంది. గ్రూప్-2 దగ్గరికొచ్చేసరికి నాన్న మాటే రాశావు గానీ, అందులో నీకు ఏది ఇష్టమో, ఏది కష్టమో ఒక్క ముక్క లేదు. నీ మనసులో బ్యాంకు ఎప్పుడో తేలిపోయిందనీ, ఆ మాట నాన్నకి ఎలా చెప్పాలన్నదే తేలక ఇంత టెన్షన్ పడుతున్నావనీ నాకు అనిపిస్తోంది. నేను పొరబడి ఉండొచ్చు, నిజమో కాదో నిన్ను నువ్వే అడుగు.

నిజమే అయితే బ్యాంకుని ముందు పెట్టు, గ్రూప్-2ని తర్వాత పెట్టు. రిజర్వేషన్ లేకపోతే పీఓకి 30 ఏళ్లు, క్లర్కుకి 28 దాటకూడదు, గ్రూప్-2కి నీకు ఇంకా చాలా వయసుంది. పైగా బ్యాంకు పరీక్షలు ఏటా వస్తాయి. 2023 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్ చూడు, ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న పెట్టారు, మెయిన్స్ వాయిదాల మీద వాయిదాలు పడి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ఏడాది పాటు ఎంతమంది పిల్లలు ఇంట్లో మొహం చూపించలేక కూర్చున్నారో! పీఓ ప్రిలిమ్స్ అంటే గంటలో 100 ప్రశ్నలు, చేతి వేగం మీద నడిచే పరీక్ష, రోజూ గంటన్నర వదలకుండా చేస్తే ఉద్యోగంతో పాటు నడుస్తుంది. చరిత్ర, పాలిటీ, ఎకానమీ కొండలా పేర్చుకుని చదివే గ్రూప్-2 అలా నడవదు. ఈ రెండూ ఒకే టేబుల్ మీద పెట్టుకోబట్టే ఆ ఒకటింబావు దగ్గర ఆగిపోయావేమో.

ఇక నాన్న. చుట్టాల ముందు ఎత్తొద్దు. ఆదివారం పొద్దున్నే, ఇద్దరే ఉన్నప్పుడు, ఈ తేదీలన్నీ కాగితం మీద రాసి ముందు పెట్టు. ఆయన యార్డు మనిషి, రేటు కోసం కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి బస్తాలకు అద్దె పడుతుందనీ, ఎప్పటిదాకా ఉంచాలో లెక్క వేసుకోకపోతే వచ్చిన రేటు అద్దెకే పోతుందనీ ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. "నాన్నా, నాకు 28 వచ్చేదాకా బ్యాంకు రాస్తాను, అప్పటికీ రాకపోతే గ్రూప్-2 గురించి మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం" అను. ఆయన కోప్పడితే పడనీ, ఎదురు మాట్లాడకు, కాగితం అక్కడే వదిలేసి రా. నీకు పట్టుమని పదేళ్లైనా కాకముందు నుంచీ నీ మీద పెట్టుకున్న ఆశ, ఒక్క పూటలో మారమంటే మారదు.

గుంటూరు నుంచి రోజూ వెళ్లి రావడం అలుపే. రైలుకి సీజన్ టికెట్ తీసుకో, సీటు దొరికిన రోజు ఫోన్‌లో రీజనింగ్ చేసుకో, దొరకని రోజు ఊరికే నిలబడు. అసలు చదువు పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా. సాయంత్రం ఇంటికొచ్చాక చదువుతానని మాత్రం పెట్టుకోకు, కుదరదు, కుదరలేదని మళ్లీ దిగులు. గ్రూప్-2 పుస్తకాలు అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టెయ్, అమ్మెయ్యొద్దు.

మొదటి జీతం రాగానే మాక్ టెస్టులు నీ డబ్బుతో నువ్వే కొనుక్కో.