‘వద్దు’ అన్న పిల్ల ఇంట్లో ఎందుకు చెప్పలేదు?

ప్రశ్న: మేము వరంగల్ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వచ్చి ఏడాది కావస్తోంది. మా అమ్మాయి ఏడో తరగతి. స్కూలు బాత్రూములో ఎవరో ఈ-సిగరెట్ చేతికిచ్చి పీల్చమన్నారట, తను వద్దందట. ఈ సంగతి మా అమ్మాయి నాకు చెప్పలేదు. తన స్నేహితురాలి తల్లి చెబితే తెలిసింది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆ పిల్లలతో స్నేహం మాన్పించాలా? ఫోను తీసేసుకోవాలా? వచ్చే నెల ఒక పుట్టినరోజుకు రాత్రి వాళ్ళింట్లోనే పడుకోమని పిలిచారు. పంపడం మానేయనా?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి వద్దంది. మీ ఉత్తరంలో ఆ ఒక్క మాటను మీరు చాలా తొందరగా దాటేశారు. కొత్త దేశం, కొత్త యాస, మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్కన కూర్చోవడానికి ఒక్కరు దొరికితే చాలనుకునే వయసు. పెద్దవాళ్ళెవరూ చూడని చోట, నలుగురు తననే చూస్తూ ఉండగా వద్దనడం ఎంత కష్టమో ఆలోచించండి. మన పెద్దవాళ్ళలోనే ఎంతమందికి అది చేతనవుతుంది?

ఇక నిద్ర మానుకుని ఆలోచించవలసిన ప్రశ్న ఒకటుంది. అంత ధైర్యం చూపిన పిల్ల ఆ సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదు? చెబితే ఏమవుతుందని అనుకుంది? మీరు అడిగిన మూడు ప్రశ్నల్లోనే దానికి జవాబుంది. స్నేహం మాన్పిస్తారు, ఫోను పోతుంది, పుట్టినరోజుకు పంపరు. తప్పు చేయని పిల్లకు మూడు శిక్షలు. ఆమె ఆ లెక్క ముందే వేసుకుని నోరు మూసుకుంది.

ఇక్కడికి పిల్లలతో కొత్తగా వచ్చిన వాళ్ళకు నేను ‘ఫుల్ హౌస్’ అనే పాత కామెడీ సీరియల్ చూడమని చెబుతూ ఉంటాను. ఏబీసీ చానెల్లో 1987 నుంచి 1995 దాకా ఎనిమిది సీజన్లు, 192 భాగాలు వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఇల్లు. తాగి కారు నడిపిన మనిషి వల్ల డానీ టానర్ భార్య చనిపోయింది. డీజే, స్టెఫనీ, మిషెల్ అనే ముగ్గురు ఆడపిల్లలను పెంచడానికి బావమరిది జెస్సీ, స్నేహితుడు జోయీ వచ్చి ఆ ఇంట్లో చేరతారు. బాబాయిలు, మేనమామల మధ్య పెరిగిన మనకు ఆ ఇల్లు పరాయిగా అనిపించదు.

మీరు ముందుగా చూడవలసింది 1990లో వచ్చిన ‘జస్ట్ సే నో వే’ అనే భాగం. స్కూల్లో డాన్సు జరుగుతుంటే కొందరు మగపిల్లలు చాటుగా బీరు తాగుతుంటారు. డీజే వాళ్ళను తాగవద్దని వారిస్తుంది. ఆ గొడవలో బీరు డబ్బా ఆమె చేతిలో ఉండగా మామయ్య జెస్సీ చూస్తాడు. చూసిందే నిజమనుకుంటాడు. ఆమె చెప్పబోయిన మాట వినకుండానే కోపం తెచ్చుకుంటాడు. మంచి పని చేసిన పిల్ల దోషిగా నిలబడుతుంది. నిజం తెలిశాక జెస్సీ ఆమెకు క్షమాపణ చెప్పుకుంటాడు. మేనకోడలి ముందు పెద్దవాడు తలవంచి, నేను నిన్ను నమ్మి ఉండవలసింది అనే ఆ ఘట్టం మన ఇళ్ళలో అరుదు. ఆ భాగాన్ని మీ అమ్మాయితో కలిసి చూడండి. చూస్తున్నంతసేపూ ఏమీ అనకండి. అయిపోయాక, జెస్సీ అప్పుడు ఏం చేసి ఉండవలసింది అని ఆమెనే అడగండి. తన సంగతి తను చెప్పుకోవడం కన్నా డీజే గురించి చెప్పడం ఆ వయసు పిల్లకు ఎంతో తేలిక.

ఆ రోజుల్లో అమెరికాలో ఈ విషయంపై పెద్ద ప్రచారమే నడిచింది. అధ్యక్షుడు రేగన్ భార్య నాన్సీ రేగన్ ‘జస్ట్ సే నో’ నినాదంతో ఊరూరా తిరిగారు. 1983లో ‘డిఫరెంట్ స్ట్రోక్స్’ అనే మరో కామెడీ సీరియల్లో స్వయంగా కనిపించారు. ఆ ఏడే లాస్ ఏంజెలెస్‌లో మొదలైన డేర్ కార్యక్రమం కింద పోలీసులు తరగతి గదుల్లోకి వచ్చి మత్తుమందుల గురించి పాఠాలు చెప్పారు. ఆ పాత పాఠాల వల్ల పిల్లల్లో వాడకం పెద్దగా తగ్గలేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. నాకు అందులో ఆశ్చర్యం కనిపించదు. ఏమనాలో పిల్లలకు నేర్పారు. అన్న తర్వాత ఒంటరిగా మిగిలిన పిల్ల ఎవరి దగ్గరికి వెళ్ళాలో నేర్పలేదు. ‘ఫుల్ హౌస్’లో కథంతా ఆ తర్వాతి సంగతే. పిల్ల గదిలోకి వెళ్ళిపోతుంది, పెద్దవాళ్ళు వచ్చి మంచం మీద పక్కన కూర్చుంటారు, వింటారు.

మీ అమ్మాయి కథకు అన్నిటికన్నా దగ్గరది ‘ఫాస్ట్ ఫ్రెండ్స్’ అనే భాగం. స్టెఫనీకి జియా అనే కొత్త అమ్మాయి గుంపులో చేరాలని ఆశ. స్కూలు బాత్రూములోనే వాళ్ళు ఆమెకు సిగరెట్ అందిస్తారు. స్టెఫనీ ఊగిసలాడి, చివరికి కాదంటుంది. మీరు గమనించవలసింది ఏమిటంటే, తర్వాతి భాగాల్లో ఆ జియానే స్టెఫనీకి దగ్గరి స్నేహితురాలవుతుంది. టానర్ ఇంట్లో ఆ పిల్లను గుమ్మంలోనే ఆపి పంపేయరు. సిగరెట్ ఇచ్చిన పిల్ల కూడా ఎవరో ఒక తల్లికి పిల్లే. స్నేహం మాన్పించాలా అన్న మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే: మాన్పించకండి. ఆ పిల్లలను ఒక శనివారం మీ ఇంటికి పిలవండి, దోసెలు పోయండి, పేర్లు తెలుసుకోండి. మీ కంటికి ఎదురుగా జరిగే స్నేహం మీకు తెలియకుండా జరిగే స్నేహం కన్నా మేలు. అందులో ఎవరైనా మీ అమ్మాయిని బెదిరిస్తున్నా, ఏడిపిస్తున్నా అది వేరే సంగతి. అప్పుడు స్కూలు కౌన్సిలర్‌ను, అంటే పిల్లల ఇబ్బందులు విని సలహా చెప్పే ఉద్యోగిని కలవాలి. ఇక్కడ కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళడం పిల్లకు మచ్చ కాదు, అది వాళ్ళ ఉద్యోగం.

రహస్యాల గురించి కూడా మీ ఇంట్లో మాట్లాడుకోవాలి. 1990లోనే వచ్చిన మరో భాగంలో డీజే ఈత కొలను దగ్గర జరిగే విందుకు సన్నబడాలని తిండి మానేస్తుంది, కళ్ళు తిరిగేదాకా వ్యాయామం చేస్తుంది. చెల్లెలు స్టెఫనీకి సంగతి తెలుసు కానీ ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది. ఇంకో భాగంలో స్టెఫనీ తరగతిలోని చార్లెస్ అనే పిల్లవాడిని తండ్రి కొడుతుంటాడు, అతనూ ఎవరికీ చెప్పవద్దంటాడు. స్టెఫనీ నలిగిపోయి చివరికి జెస్సీకి చెబుతుంది. పుట్టినరోజు కానుక గురించి దాచడం వేరు, ఒకరి ప్రాణానికో ఒంటికో హాని జరుగుతుంటే దాచడం వేరు. ఈ తేడా పన్నెండేళ్ళ పిల్లకు స్పష్టంగా తెలిసి ఉండాలి. చార్లెస్ కథ మీరూ భార్యాభర్తలుగా శ్రద్ధగా చూడండి. పిల్లను కొడుతున్నారన్న అనుమానం వస్తే ఆ విషయం అధికారులకు తెలపడం ఇక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ టీచర్లకు చట్టం విధించిన బాధ్యత. మన ఊళ్ళో మామూలనుకునే చెంపదెబ్బ వల్ల ఇక్కడ మీ గుమ్మంలోకి అధికారులు రావచ్చు.

మరి పిల్లకు వద్దనడం అలవాటు కావాలంటే ఎక్కడ సాధన చేయాలి? ఇంట్లోనే. అతిథులు రాగానే పాట పాడమంటాం, పాడకపోతే పరువు పోయినట్టు చూస్తాం. మార్కులు వీడియో కాల్‌లో బంధువులందరికీ చూపిస్తాం. తలుపు తట్టకుండా గదిలోకి వెళతాం. ఇంట్లో ఒక్కసారి కూడా చెల్లని వద్దు బాత్రూములో నలుగురి ముందు ఎలా చెల్లుతుంది? సీరియల్ మొట్టమొదటి భాగంలోనే పదేళ్ళ డీజే తన గదిని చెల్లెలితో పంచుకోలేక సామాను తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళిపోతుంది. డానీ ఆమె బాధ వింటాడు, కానీ గది మాత్రం పంచుకోవలసిందే. వినడం వేరు, అడిగిందల్లా ఇవ్వడం వేరు. మన దగ్గర చాలామంది తల్లిదండ్రులు ఈ రెండూ ఒకటేనని భయపడి వినడమే మానేస్తారు.

ఇంకొక మాట కొంచెం కష్టంగానే ఉంటుంది. తోటివాళ్ళ ఒత్తిడి పిల్లలకే అనుకోకండి. వచ్చిన రెండేళ్ళకే ఇల్లు కొనాలి, ఫలానావాళ్ళు కొన్నారు కాబట్టి. అమ్మాయికి ఓణీల వేడుక హాలు తీసుకుని చేయాలి, ఫలానావాళ్ళు చేశారు కాబట్టి. స్పెల్లింగ్ బీ, లెక్కల కోచింగ్, కూచిపూడి, టెన్నిస్, అన్నిటికీ ఆ ఒక్క కారణమే. వాట్సాప్ గ్రూపులో నలుగురు ఏమనుకుంటారోనని మనం తీసుకునే నిర్ణయాలన్నీ వెనుక సీట్లో కూర్చున్న పిల్లలు వింటూనే ఉంటారు. నలుగురి కోసం అప్పు చేసిన తండ్రి, నలుగురి మాట పట్టించుకోకమ్మా అని కూతురికి చెబితే ఆ పిల్ల దేన్ని నమ్మాలి? ఈ ఏడు ఒక్క విషయంలోనైనా మీరిద్దరూ మీ తోటివాళ్ళకు మర్యాదగా కాదని చెప్పండి. ఎందుకు కాదన్నారో భోజనాల దగ్గర అమ్మాయికి వినిపించేలా మాట్లాడుకోండి.

చట్టం సంగతి కూడా మీకు తెలిసి ఉండాలి. మద్యం, 2019 డిసెంబరు నుంచి పొగాకు, ఈ-సిగరెట్లు కూడా దేశమంతటా 21 ఏళ్ళు నిండినవాళ్ళకే అమ్మాలి. టెక్సాస్‌లో స్కూలు ఆవరణలో ఈ-సిగరెట్‌తో పట్టుబడిన పిల్లలను ప్రత్యేక క్రమశిక్షణ పాఠశాలకు పంపే అవకాశం ఉంది. అందులో నికోటిన్ బదులు గంజాయి నూనె ఉంటే టెక్సాస్ చట్టంలో అది ఫెలొనీ, అంటే పెద్ద నేరాల కోవలోది. చేతికిచ్చిన పరికరంలో ఏముందో పైకి చూస్తే తెలియదు. కాలిఫోర్నియాలోనో కొలరాడోలోనో గంజాయి దుకాణాల్లో అమ్ముతున్నారని పిల్లలు వాదిస్తారు. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు, వీసాలు చూసేది ఆ చట్టమే. పౌరసత్వం లేనివాళ్ళకు మత్తుమందుల కేసు, ఒక్కోసారి వాడానని అధికారి ముందు ఒప్పుకోవడం కూడా గ్రీన్ కార్డు దారిలో పెద్ద అడ్డంకి. ఇదంతా అమ్మాయికి నెమ్మదిగా వివరించండి. నీ వల్ల మనమందరం వెనక్కి పోతామని మాత్రం అనకండి. కుటుంబం బరువంతా తన మీదే ఉందనుకున్న పిల్ల ఏదైనా జరిగితే ఇంకా లోతుగా దాస్తుంది.

ఫోను తీసుకోకండి. ఆపదలో మిమ్మల్ని పిలవడానికి ఆమెకున్న దారి అదే. దాన్ని ఇలా వాడుకోండి: ఎక్కడైనా ఇబ్బందిగా అనిపిస్తే మీకు ‘ఎక్స్’ అనే ఒక్క అక్షరం మెసేజ్ పంపాలి. రాగానే మీరు ఫోను చేసి, పని పడింది, వచ్చి తీసుకెళ్తున్నానని గట్టిగా చెబుతారు. తోటివాళ్ళ ముందు తప్పు మీ మీదికి పోతుంది, పిల్ల పరువు నిలుస్తుంది. ఇక్కడ చాలా కుటుంబాలు దీన్ని ఎక్స్ ప్లాన్ అంటారు. కానీ షరతు ఒకటుంది. కారెక్కాక ఏమీ అడగకూడదు. చెప్పాలనిపించినప్పుడు తనే చెబుతుంది. ఈ మాట ఒక్కసారి తప్పారా, రెండో మెసేజ్ రాదు.

సీరియల్ మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అక్కడ ఎంత చిక్కయినా ఇరవై రెండు నిమిషాల్లో విడిపోతుంది, మీ ఇంట్లో నెలలు పడుతుంది. డబ్బాలో పులిహోర చూసి ముక్కు మూసుకునేవాళ్ళు, పేరు పలకలేక నవ్వేవాళ్ళు డీజేకు ఎదురుకాలేదు. మన పిల్లల మీద ఆ ఒత్తిడి అదనం, దాని గురించి మీరే మాట్లాడాలి.

ఇక పుట్టినరోజు. పంపండి. ముందుగా ఆ పిల్ల తల్లికి ఫోను చేయండి. ఇక్కడ తల్లిదండ్రులు ఒకరినొకరు ఇలా అడగడం మామూలే, ఎవరూ తప్పుగా అనుకోరు. రాత్రంతా ఇంట్లో పెద్దవాళ్ళెవరుంటారు, పెద్ద పిల్లలూ వాళ్ళ స్నేహితులూ వస్తారా, తుపాకి ఉంటే తాళం వేసి ఉంటుందా అని అడగండి. ఆ చివరి ప్రశ్న అడగమని ఇక్కడి పిల్లల డాక్టర్లే చెబుతారు. జవాబులు విన్నాక కూడా మనసు ఒప్పుకోకపోతే, రాత్రి పదిన్నరకు వచ్చి తీసుకెళ్తానని చెప్పండి. పైజమాలతో వెళ్ళి, కేకు తిని, సినిమా చూసి పడుకునే వేళకు ఇంటికి వచ్చేసే పిల్లలు ప్రతి పార్టీలోనూ ఒకరిద్దరుంటారు. ఎన్ని గంటలకు రావాలో అమ్మాయిని అడిగి, ఆ సమయం ఇద్దరూ కలిసి ఖాయం చేసుకోండి.