సూర్యుడిని సమీపిస్తున్న తోకచుక్క పగలే కనబడుతుందని గ్రాఫును బట్టి చెప్పవచ్చా?

మూడు వారాలుగా ఈ తోకచుక్క ప్రకాశాన్ని గ్రాఫు మీద గుర్తిస్తున్నారని, ఆ గీతను పొడిగిస్తే అది సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే రోజున పట్టపగలే కనబడాలని, ఈ ఊహ నిలుస్తుందా అని మీరు అడిగారు. గ్రాఫు గీయడం మానవద్దు కాని, గీతను పొడిగించవద్దని నా సలహా. ఆ గ్రాఫు కొలిచేది బయటికి వచ్చిన ధూళిని, వాయువును మాత్రమే. లోపల కేంద్రకం, అంటే మంచు, ధూళి కలిసిన గట్టి ముద్ద, ఎంత గట్టిగా మిగిలి ఉందో ఆ గీతలో కనబడదు.

2013లో ఐసాన్ తోకచుక్క విషయంలో నేను కూడా సరిగ్గా ఇలాగే గీతను పొడిగించాను. 2012 సెప్టెంబరు 21న నెవ్‌స్కీ, నొవిచొనోక్ అనే ఖగోళ పరిశీలకులు దాన్ని కనుగొన్నప్పుడు అది ఇంకా గురుగ్రహ కక్ష్యకు ఆవలే ఉంది. సూర్యుడి నుంచి దూరం సగానికి తగ్గితే ప్రకాశం పదహారు రెట్లు పెరుగుతుందన్న వాడుక సూత్రాన్ని దానికి వర్తింపజేశాను. దాని కక్ష్య 1680 నాటి మహా తోకచుక్క కక్ష్యను పోలి ఉందని చదివి, రెండూ ఒకే పెద్ద తోకచుక్క ముక్కలై ఉంటాయని కూడా నమ్మాను. అలాంటి ముక్కే అయితే అది ఇంతకుముందే సూర్యుడి దగ్గరికి వచ్చి ఉండాలి; కాని ఐసాన్ ఊర్ట్ మేఘం నుంచి, అంటే సౌర కుటుంబం అంచున ఉన్న మంచు ముద్దల గుంపు నుంచి, మొదటిసారి లోపలికి వస్తోందని కక్ష్య లెక్కలు చూపడంతో ఆ నమ్మకం పోయింది. నిజానికి నా గ్రాఫును కూడా నేను అప్పుడే అనుమానించవలసింది. తొలిసారి వచ్చే తోకచుక్క ఉపరితలం మీద సులభంగా ఆవిరయ్యే మంచు ఉంటుంది. అది చాలా దూరంలోనే ఆవిరై, ఆ తోకచుక్కను ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తుంది. 1973లో కొహౌటెక్ తోకచుక్క ఆశించినంతగా వెలగకపోవడానికి చెప్పే కారణం కూడా ఇదే. 2013 మొదటి నెలల్లో ఐసాన్ ప్రకాశం దాదాపు పెరగకుండా ఆగినప్పుడు, అది తాత్కాలికమని నేను సరిపెట్టుకున్నాను.

నవంబరు మధ్యలో అది ఒక్కసారిగా వెలిగింది. నేను ఎంతో సంతోషించాను. కేంద్రకం పగిలినప్పుడు కొత్తగా బయటపడిన మంచు ఎండకు తగిలి, తోకచుక్క చావుకు ముందు కూడా అలాగే వెలగగలదని అప్పుడు నాకు తట్టలేదు. నవంబరు 28న ఐసాన్ సూర్యుడి ఉపరితలానికి సుమారు 11.7 లక్షల కిలోమీటర్ల ఎత్తులో వెళ్లింది. సూర్యుడిని గమనించే సోహో ఉపగ్రహంలోని లాస్కో కెమెరా చిత్రాలను ఒక్కొక్కటిగా చూస్తూ కూర్చున్నాను. ఐసాన్ తల సన్నని గీతలా మారుతూ సూర్యుడి చెంతకు పోయింది. అవతలి వైపు విసనకర్రలా పరుచుకున్న ధూళి బయటికి వచ్చి, కొద్ది రోజుల్లో చెదిరిపోయింది. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అయితే నిరాశతో వేసే అంచనాలు కూడా తప్పుతాయి. 2011 డిసెంబరులో లవ్‌జాయ్ తోకచుక్క ఉపరితలానికి సుమారు 1.4 లక్షల కిలోమీటర్ల ఎత్తులోనే వెళ్లినా బయటికి వచ్చింది, దాని తల మాయమైంది ఆ తరువాతే. 2024లో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క పగిలిపోతుందని అనుభవజ్ఞుడైన ఖగోళ శాస్త్రవేత్త సెకనీనా స్వయంగా అంచనా వేసినా, ఆ అక్టోబరులో అది మామూలు కంటికి కనబడింది.

అందువల్ల మొత్తం ప్రకాశం కన్నా తల ఆకారాన్ని గమనించండి. మధ్యలోని చుక్క పదునుగా ఉందా, లేక మసకబారి తోక వైపు సాగుతోందా అని ప్రతి రాత్రీ రాసుకోండి; మొత్తం వెలుగు పెరుగుతున్నా నడుమ భాగం పలచబడితే నేను పగులుకే సిద్ధపడతాను. తోకచుక్క మనకూ సూర్యుడికీ మధ్యకు వచ్చే రోజులుంటే, ధూళి ఎండను మన వైపు ఎక్కువగా చెదరగొట్టడం వల్ల కూడా ప్రకాశం పెరుగుతుంది కాబట్టి ఆ రోజులను గ్రాఫులో వేరుగా గుర్తించండి. లాస్కో చిత్రాల్లో తోకచుక్కకు రెండు వైపులా అడ్డంగా కనబడే గీతలు వెలుగు మితిమీరి కెమెరాలో ఏర్పడేవే, అవి తోకలో భాగం కావు. ఇక పగటిపూట చూడాలనుకుంటే, సూర్యబింబం ఏదైనా గోడ చాటున పూర్తిగా మరుగుపడిన చోట నిలబడి కంటితోనే చూడండి. బైనాక్యులర్‌ను మాత్రం ఆ వైపు ఎత్తవద్దు.