క్వాలిఫై అయింది సరే, సీటేదీ?

ప్రశ్న: సార్ నమస్తే. మా బిడ్డ ఇంటర్ అయినంక ఒకసారి నీట్ రాసింది, పోయినేడు హైదరాబాద్‌ల లాంగ్ టర్మ్ హాస్టల్‌ల పెట్టి మళ్ళా రాయించినం. క్వాలిఫై అయింది, మొదటిసారి కంటే 80 మార్కులు పెరిగినయి, అయినా కన్వీనర్ సీటు రాలేదు. ఇంకొక్క ఏడాది అంటది, వాళ్ళ నాన్న వద్దంటున్నడు. మా ఆడబిడ్డ కొడుకు జార్జియాల చదువుతున్నడు, ఈమెను గూడ పంపుమంటున్రు. కన్సల్టెన్సీ వాళ్ళయితే రోజూ ఫోనే. బీడీఎస్, అదే పండ్ల డాక్టర్ చదువు, మంచిదా? ఏం తోస్తలేదు. – ఒక తల్లి, మహబూబాబాద్

జవాబు: అమ్మా, మార్కులు రాశారు గానీ ర్యాంకు రాయలేదు. నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి. 2024లో పేపర్ ఈజీగా వచ్చి ఫైనల్ లిస్టులో 17 మందికి 720కి 720 వచ్చాయి, 2025లో ఫిజిక్స్ పిల్లల్ని ఏడిపించింది, దేశం టాపర్‌కే 686, మరి ఆ రెండేళ్ళ మార్కులు పక్కపక్కన పెట్టి పెరిగాయి తగ్గాయి అనుకుంటే ఏం లాభం చెప్పండి. తెలంగాణలో మెడికల్ సీట్లు నింపే కాళోజీ యూనివర్సిటీ వాళ్ళు ఏ కాలేజీలో ఏ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ప్రతి ఏడాదీ పెడతారు, చివరి రౌండ్ లిస్టు తీసి పాప ర్యాంకు దాని పక్కన పెట్టి చూడండి. క్వాలిఫై అనే మాటని మాత్రం నమ్ముకోకండి, 2025లో జనరల్‌కి 144 వస్తే క్వాలిఫైయే, అలా క్వాలిఫై అయినవాళ్ళు 12 లక్షల పైన, ఎంబీబీఎస్ సీట్లు దేశం మొత్తం మీద లక్ష పైచిలుకు.

ర్యాంకు కొద్దిలో తప్పిపోయి ఉంటే మూడోసారికి నేను అడ్డు చెప్పను. కానీ ఒకటి చూడండి, పోయిన మార్కులు ఎక్కడ పోయాయి? బయాలజీలో అయితే రివిజన్‌తో వస్తాయి. ఏడాదంతా లాంగ్ టర్మ్‌లో కూర్చున్నా ఫిజిక్స్ మార్కులు ఉన్నచోటే ఉంటే మాత్రం, అదే హాస్టల్‌లో అదే మెటీరియల్ ఇంకో ఏడాది చదివితే ఏం మారుతుంది? రూల్ ప్రకారం నీట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు, పై వయసు లిమిట్ కూడా తీసేశారు, అందుకే లిమిట్ ఇంట్లోనే పెట్టుకోవాలి. "ఇదే ఆఖరు" అని పాపతోనే అనిపించండి, మీరు అంటే అలుగుతుంది.

జార్జియా సంగతి. ఫీజు కాయితం ఒక్కటే చూపిస్తారు కన్సల్టెన్సీ వాళ్ళు. 2021లో మెడికల్ కమిషన్ పెట్టిన రూల్స్ ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లీషులో చెప్పాలి, ఆ కాలేజీలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, ఆ దేశంలో ప్రాక్టీస్ చేసుకునే అర్హత రావాలి. తిరిగొచ్చాక విదేశాల్లో చదివినవాళ్ళకి పెట్టే పరీక్ష ఎఫ్ఎంజీఈ, అందులో 300కి 150 తెచ్చుకోవాలి, మళ్ళీ ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ మధ్య ఆ పరీక్ష పాసయ్యేది ఐదుగురిలో ఒకరు, ఎప్పుడైనా బాగుంటే నలుగురిలో ఒకరు. పోవద్దని కాదు, పోయి పాసై వచ్చి బాగా ప్రాక్టీస్ చేసుకుంటున్నవాళ్ళున్నారు. మీ ఆడబిడ్డ కొడుకుని ఫీజు అడక్కండి, వాళ్ళ సీనియర్లలో ఎంతమంది ఎఫ్ఎంజీఈ పాసయ్యారు, ఎన్నోసారికి పాసయ్యారు అని అడగండి. ఇంకో మాట, విదేశాలకి నీట్ స్కోరు మూడేళ్ళు పనికొస్తుంది, కాబట్టి "ఈ వారంలో కట్టకపోతే సీటు పోతుంది" అనేవాడి ఫోన్ కట్ చెయ్యండి.

బీడీఎస్ మంచి కోర్సే, కన్వీనర్ కోటాలో వస్తే. అయితే చదువయ్యాక సొంత క్లినిక్ పెట్టాలంటే కుర్చీ, మెషీన్లు, అద్దె అన్నీ లక్షల్లో పని, ఎవరి దగ్గరైనా చేరితే మొదట్లో జీతాలు చాలా తక్కువ, ఆ సంగతి తెలిసే చేరాలి. ఎంబీబీఎస్ రాలేదన్న కోపంతో చేరిన పిల్లలు మొదటి ఏడాదే మళ్ళీ నీట్ పుస్తకం తీస్తారు. ఆయుర్వేద, హోమియోలకి ఆయుష్ నోటిఫికేషన్ విడిగా, బాగా లేటుగా వస్తుంది, ఎంబీబీఎస్‌కి అప్లై చేశాం కదా అదే సరిపోతుంది అనుకుని వదిలేసేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు.

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ సార్. నీట్ బ్యాచ్‌లో ఉన్నాను, ఎంసెట్‌కి కూడా అప్లై చేస్తానంటే ఫ్రెండ్స్ నవ్వుతున్నారు, నమ్మకం లేదా అని. మా సార్ కూడా ఫోకస్ పోతుంది అన్నారు. – నరసరావుపేట

జవాబు: బాబూ, ఎంసెట్‌కి (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) అప్లై చెయ్యి, ఇవాళే చెయ్యి. మన దగ్గర బ్యాకప్ అంటే మనసులో ఒక కోర్సు పేరు అనుకుంటారు, కాదు, బ్యాకప్ అంటే డేటు దాటకముందే నింపిన అప్లికేషన్. నీట్ మే మొదట్లో, రిజల్ట్ జూన్‌లో, అప్పుడు "సరే అగ్రికల్చర్ చూద్దాం" అని లేస్తే అప్పటికి ఎంసెట్ అయిపోయి ఉంటుంది, వచ్చే ఏడాది దాకా ఏమీ లేదు. సిలబస్ నువ్వు చదివేదే, 160 ప్రశ్నలు, అందులో సగం బయాలజీ, నెగెటివ్ మార్కుల్లేవు. మూడు గంటల మాక్ టెస్టులు ఒక నాలుగు రాస్తే స్పీడ్ వస్తుంది, దానికి పోయే ఫోకస్ ఏముంది?

ఆ ఒక్క ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫిషరీస్, బీఫార్మసీ, బీటెక్‌లో బయోటెక్ లాంటివి వస్తాయి. మీది వ్యవసాయం ఇల్లయితే రైతు కోటా కాయితాలు, అంటే ఊళ్ళో చదివిన స్టడీ సర్టిఫికెట్లు, పొలం పాస్ పుస్తకం, ఇప్పుడే తీసి పెట్టుకో, కౌన్సెలింగ్ వారంలో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం నరకం. వేరే రాష్ట్రాల అగ్రికల్చర్ యూనివర్సిటీల్లో ఐకార్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) సీట్లకి సీయూఈటీ అనే ఎంట్రన్స్ రాయాలి. వెటర్నరీలో 15 శాతం ఆల్ ఇండియా సీట్లు నీట్ ర్యాంకుతోనే ఇస్తారు, దానికీ అప్లికేషన్ వేరే. రీసెర్చ్ ఇష్టమైతే తిరుపతిలోనే సైన్స్ చదువుల సంస్థ ఐఐఎస్ఈఆర్ ఉంది, కాకపోతే దాని ఎంట్రన్స్ టెస్టులో మ్యాథ్స్ కూడా అడుగుతారు, బైపీసీ పిల్లలు అక్కడే ఆగిపోతారు.

నవ్వే ఫ్రెండ్స్‌లో సగం మంది ఈపాటికి చెప్పకుండా అప్లై చేసేసి ఉంటారు, చూసుకో.

ప్రశ్న: నర్సింగ్ చేస్తానంటే మా ఇంట్లో అస్సలు ఒప్పుకుంటలేరు సార్, చిన్న పని అంటరు. – ఒక అమ్మాయి, సిరిసిల్ల

జవాబు: అమ్మాయివి కాబట్టి ముందు ఇది చెప్తా, మీ నాన్నగారికి చదివి వినిపించు. ఆర్మీ వాళ్ళు నడిపే బీఎస్సీ నర్సింగ్ ఉంది, పెళ్ళికాని ఆడపిల్లలకే, నీట్ స్కోరు చూసి పిలుస్తారు, చదువు ఖర్చు వాళ్ళదే, పూర్తయ్యాక లెఫ్టినెంట్ ర్యాంకుతో ఆఫీసర్. బాండ్ ఉంటుంది, సర్వీస్ చెయ్యాలి. ఎయిమ్స్‌ల బీఎస్సీ నర్సింగ్‌కి విడిగా ఎంట్రన్స్, మన రాష్ట్రంలో మామూలు బీఎస్సీ నర్సింగ్‌కి ఎంసెట్ ర్యాంకు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్ భాష నేర్పించి మరీ పంపిస్తోంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతాలు మాత్రం ఇప్పటికీ అన్యాయమే, దాన్ని నేను దాచను. అందుకే ఏ కాలేజీ అన్నది చాలా ముఖ్యం, సొంత ఆసుపత్రి, అందులో నిజంగా పేషెంట్లు ఉన్న కాలేజీ చూసుకో.

ప్రశ్న: ఫార్మసీలో ఫార్మ్ డీ కోర్సు చేస్తే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చట. ఎంబీబీఎస్ బదులు మావాడిని చేర్పించమంటారా? – ఖమ్మం నుంచి ఒక తండ్రి

జవాబు: పెట్టుకోవచ్చు అండి, మందులు మాత్రం రాయకూడదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్ళు. మన ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్ట్ ఉద్యోగాలు ఇంకా తక్కువే, ఎక్కువమంది హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల సైడ్ ఎఫెక్టులు గమనించే పని), క్లినికల్ రీసెర్చ్, మెడికల్ కోడింగ్ (జబ్బులకీ వైద్యానికీ కోడ్‌లు వేసే పని) కంపెనీల్లో చేరుతున్నారు. కోడింగ్‌కి బీఎస్సీ చేసినవాళ్ళనీ తీసుకుంటారు, దానికోసం ఆరేళ్ళు అక్కర్లేదు. అదే ఆరేళ్ళలో నాలుగేళ్ళు బీఫార్మసీ, రెండేళ్ళు ఎంఫార్మసీ అయిపోతుంది, ఎంఫార్మసీ ఎంట్రన్స్ జీప్యాట్ క్వాలిఫై అయి, నైపర్ వాళ్ళ సొంత ఎంట్రన్స్ కూడా బాగా రాస్తే బాలానగర్‌లోని కేంద్ర ఫార్మసీ సంస్థ నైపర్‌లో కూడా చదవొచ్చు. మీవాడికి మందులంటే ఆసక్తి ఉందా, లేక ఆ రెండక్షరాల మీదేనా అన్నది అడిగి చూడండి, అడిగేది మీరు కాకుండా వాళ్ళ మేనమామనో బాబాయినో అయితే నిజం చెప్తాడు.