గుండె పట్టీ అంటించేముందు

ఒంగోలు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

బావకి దడ వచ్చి పోతోందని, డాక్టరుగారు 14 రోజుల ఈసీజీ పట్టీ, అంటే ఛాతీకి అంటించుకుంటే గుండె కొట్టుకోవడాన్ని అన్ని రోజులూ రికార్డు చేసేది, వేయించుకోమన్నారని చెప్పావు. తప్పక వేయించు. పడుకోబెట్టి తీసే ఈసీజీలో కాగితం మీదికెక్కేది 10 సెకన్లే. సరిగ్గా అప్పుడే దడ రావాలని ఏముంది?

పట్టీ ఇంటి దగ్గర వేసుకోమని ఇచ్చారు కాబట్టి భారమంతా నీ మీదే. ఎడమ రొమ్ము పైన, వాళ్లు బొమ్మలో చూపినచోట వెంట్రుకలు నున్నగా గీసెయ్. డబ్బాలో గరుకు బిళ్ల ఉంటుంది, దాంతో చర్మం కొంచెం ఎర్రబడేదాకా రుద్దు, పుండు పడనీయకు. గుండె నుంచి చర్మం దాకా వచ్చే కరెంటు మిల్లీవోల్టుల్లో ఉంటుంది, జిడ్డూ మృతచర్మమూ దానికి అడ్డం. తర్వాత స్పిరిటుతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వు. తడి మీద అంటిస్తే బంక పట్టదు. నూనె, పౌడరు దగ్గరికి రానీయొద్దు. అంటించాక అంచులన్నీ అరచేత్తో 2 నిమిషాలు అదిమిపట్టు.

మొదటి రోజు స్నానం వద్దు, చెమట పట్టే పనీ వద్దు. మర్నాటి నుంచి మాత్రం రొయ్యల గుంటల దగ్గరికి ఎప్పటిలాగే పొమ్మను. ఇంట్లో కూర్చోబెడితే పనిలో వచ్చే దడ దొరకదు. అంచు లేస్తే పైన పేపరు ప్లాస్టరు వెయ్యి. ఊడబీకి మళ్లీ అంటించావంటే ఇక నిలవదు.

పట్టీ వదులైనా, పళ్లు తోముకుంటూ చెయ్యి ఆడించినా ఈసీజీ గీత ఎగిరిపడుతుంది. ఒక్కోసారి అది ప్రాణాంతకమైన దడలాగే కనిపిస్తుంది. అందుకే చిన్న నోటుబుక్కు జేబులో పెట్టించు. దడ రాగానే పట్టీ మీది బటను నొక్కి, ఫోనులో టైము చూసి రాయాలి: 'ఉదయం 6.40, ఏరియేటరు వేయబోతుంటే దడ, కళ్లు తిరిగాయి, 2 నిమిషాలు.' ఇంత రాస్తే డాక్టరుకి సగం పని అయినట్టే. సాయంత్రం గుర్తు చేసుకుని రాస్తే టైము తప్పుతుంది.

బ్లూటూత్ రకమైతే ఫోను చొక్కా జేబులో ఉండాలి. ఒంట్లో నీరు సిగ్నలుని మింగేస్తుంది, వెనక జేబులో పెడితే తెగుతుంటుంది. ఫోనులో ఉండే పట్టీ యాప్‌కి బ్యాటరీ సేవరు తీసెయ్, లేకపోతే రాత్రి ఫోనే దాన్ని ఆపేస్తుంది. సిగ్నలు పోయినప్పుడు పట్టీ తనలో దాచుకుంటుందా లేదా అన్నది ఇచ్చినవాళ్లనే అడుగు.

దురద, బొబ్బలు వస్తే ఓర్చుకోమనకు, పట్టీ ఇచ్చినవాళ్లకి ఫోను చేసి తీసెయ్. ఎమ్మారై తీయాల్సొస్తే పట్టీ సంగతి ముందే చెప్పండి.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా. చాలా పట్టీల రికార్డు తర్వాతే చూస్తారు, అవతల ఎవరో కనిపెట్టుకుని ఉన్నారనుకోవద్దు. ఛాతీ పట్టేసినట్టు నొప్పి, చెయ్యికో దవడకో లాగడం, చల్లని చెమట, స్పృహ తప్పడం, వీటిల్లో ఏదొచ్చినా బటను సంగతి వదిలేసి 108కి ఫోను చెయ్యి.

14వ రోజు అంచులకి కొబ్బరినూనె రాసి మెల్లగా లాగు. నోటుబుక్కు కూడా పట్టీతోనే ఇచ్చి రా.

మీ మామయ్య